ఊక కరువు వచ్చిన ఏడు

మా ఇంట్లో నాకు అనుమానపు పక్షి అని పేరు. పాలవాడు నవ్వుతూ గుమ్మంలోకి వస్తే ఈరోజు నీళ్లెన్ని కలిపావని అడుగుతానట. ఎవరైనా ఊరికే ప్రసాదం తెచ్చిచ్చినా ఇంతకీ పనేమిటని అడుగుతానట. ఇవన్నీ మా ఆయన నలుగురిలో చెప్పి నవ్విస్తూ ఉంటారు. నవ్వుకోనీ. బరంపురంలో మరమరాల బట్టీ నడిపే మనిషికి అనుమానం లేకపోతే బతుకు లేదు. బియ్యంలో తేమ ఉందేమోనని అనుమానించాలి. మూకుట్లో ఇసుక చల్లారిందేమోనని అనుమానించాలి. తూకం దగ్గర నిలబడ్డవాడి బొటనవేలిని మరీ అనుమానించాలి. పెళ్లైన కొత్తలో మా అత్తగారు నాకు బట్టీ అప్పజెప్పినప్పుడు ఇంతకు మించి ఏమీ నేర్పలేదు.

అందుకే ఆ ఏడు ఊక దొరకడం మానేసినప్పుడు బట్టీలవాళ్లందరిలో మొదట చెవులు నిక్కబొడుచుకున్నది నేనే.

ఊక అంటే ఎవరికీ అక్కర్లేని వస్తువు. ధాన్యం ఆడించిన మిల్లులో అది గుట్ట పడిపోతుంటే, ఎవరో ఒకరు పట్టుకుపోతే చాలని మిల్లువాళ్లు కబురు పెట్టేవారు. మా బట్టీకి తిండి అదే. పొద్దున పొయ్యి వెలిగించింది మొదలు ఒకరు ఊక ఎగదోస్తూనే ఉండాలి. అలాంటిది ఆ శ్రావణంలో నేను బండి పంపిస్తే ఖాళీగా తిరిగి వచ్చింది. మర్నాడు పంపిస్తే మళ్లీ ఖాళీ. పంట బాగానే పండింది. మిల్లు రోజూ ఆడుతోంది. బజార్లో బియ్యం ఉన్నాయి. గింజ ఉండి పొట్టు లేకపోవడం లోకంలో ఎక్కడైనా ఉందా?

స్కూటీ వేసుకుని నేనే మిల్లుకి వెళ్లాను.

“ఊకెక్కడిదమ్మా, రాలకముందే పట్టుకుపోతన్నారు” అన్నాడు మిల్లు యజమాని.

“ఎవరు పట్టుకుపోతన్నారు?”

“పార్టీలమ్మా. బేరగాళ్లు.”

“ఊక ఏటి సేసుకుంటారు?”

“నాకేటి తెల్దు. ఇటికల బట్టీకేమో.”

అతను నా మొహం చూసి మాట్లాడలేదు, తిరుగుతున్న బెల్టు వైపు చూసి మాట్లాడాడు. అప్పుడే అనుకున్నాను, ఇందులో ఏదో ఉందని. బయట వాన ధారగా కురుస్తోంది. వానాకాలంలో ఇటుకలు కాల్చేవాడిని గంజాం జిల్లా మొత్తంలో ఒక్కడిని చూపించమనండి.

ఆ సంగతి అతనితో అనలేదు. వాన తగ్గేదాకా ఎదురింటి అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి మిల్లు వెనక నుంచి ఒక ట్రాక్టరు బయటికొచ్చింది. దాని నిండా కొత్త గోనె బస్తాలు, మూతులు కుట్టి ఉన్నాయి. ఊకని మామూలుగా చాపలో చుట్టో, పాత చీరలో మూటగట్టో తీసుకుపోతారు. దానికి కొత్త గోనెసంచీ, పైన దబ్బనంతో కుట్టు! ఇంట్లో ఆడపిల్లకి కూడా అంత మర్యాద జరగదు. స్కూటీ ట్రాక్టరు వెనక పోనిచ్చాను. తర్వాత ఈ సంగతి చెబితే మా ఆయన, “నీకు పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చిందే?” అన్నారు.

ట్రాక్టరు ఊరు దాటి దిగపహండి రోడ్డెక్కింది. ఆ రోడ్డు పక్కన వెనకటికి వరి, వంకాయ తోటలు ఉండేవి. ఇప్పుడు నీలంరంగు రేకుల షెడ్లు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ సినిమా హాలంత. ఏ షెడ్డు చూసినా ముందు షట్టరు సగం ఎత్తి ఉంటుంది, లోపల కప్పుదాకా పేర్చిన బస్తాలు కనిపిస్తాయి. ట్రాక్టరు ఒక షెడ్డులోకి వెళ్లింది. నేను ఎదురుగా టీకొట్టు దగ్గర ఆగాను. కళాసీలు బస్తాలు దించుతున్నారు. బియ్యం బస్తా ఎత్తేవాడికి మెడనరం ఉబ్బుతుంది. వీళ్లు చంకకొకటి పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నారు. అన్నీ తలుపుకి దగ్గరగానే పేరుస్తున్నారు, లోపలికి ఒక్కటి కూడా తీసుకుపోవడం లేదు.

దాని పక్క షెడ్డు మా తమ్ముడిది.

ఈ షెడ్డు సంగతి కొంచెం చెప్పాలి. అక్కడ మా నాన్నగారి పొలం ఉండేది. నాన్నగారి తర్వాత తమ్ముడు అందులో బెండ, వంగ, కాకర వేసి బరంపురం మార్కెట్టుకి పంపేవాడు. గొప్పగా కాకపోయినా ఇల్లు గడిచేది. బరంపురంలో రెండు గదుల ఇల్లు కట్టాడు, కూతురి పెళ్లి చేసి ఇచ్చాపురం పంపాడు. ఇంతలో ఊళ్లో గోదాముల పిచ్చి పట్టుకుంది. గోపాలపూర్ రేవు పెద్దదవుతోందన్నారు. ఫోన్లో నొక్కితే చీర నుంచి చీపురుదాకా ఇంటికి వస్తోంది కదా, ఆ సరుకంతా పెట్టడానికి చోటు కావాలన్నారు. కంపెనీలు షెడ్ల కోసం కాళ్లరిగేలా తిరుగుతున్నాయన్నారు. ఎవరు తిరుగుతున్నారో నేను చూడలేదు, చూసినవాడూ నాకు కనబడలేదు. అందరూ ఎవరో చూశారని విన్నవాళ్లే.

తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. పొలాన్ని ఘరబారిగా మార్చాలి, అంటే కట్టడాలకి పనికొచ్చే భూమిగా రాయించాలి. ఆడపిల్లని కాబట్టి నా సంతకం కావాలి.

“ఎర్రమట్టి పోసి ఎత్తు సేసినాక మళ్లీ మడి అవదురా. ఆ షెడ్డుకి ఎవరూ రాకపోతే ఏటి తింటావు?” అన్నాను.

“రాకపోడమేటి అప్పా? రోడ్డంతా సూడు, ఒక్క షెడ్డు ఖాళీ ఉంటే సెప్పు. కట్టినోడికి కట్టినట్టు నిండిపోతన్నాయి.”

వెళ్లి చూశాను. నిజమే, ప్రతి షట్టరు కిందా బస్తాలే. కళ్లతో చూశాక కాదనడానికి లేకపోయింది. సంతకం పెట్టాను. పెట్టేముందు ఒక మాట అనుకున్నాం, అద్దె మొదలైన నాటి నుంచి నాకూ ఒక వాటా ఇవ్వాలని. వాడు ఒప్పుకున్నాడు. బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చాడు. వంగమొక్కలు కాయలతో ఉండగానే వాటి మీద ఎర్రమట్టి పోసేశారు. మరదలు ఆ రోజు మట్టి లారీల ముందు పరుగెత్తి కొంగునిండా కాయలు కోసుకుందట.

షెడ్డు లేచింది. లేచిన వారానికే షట్టరు కింద బస్తాలు కనిపించాయి. నేను సంతోషించాను కూడా. ఏడాది గడిచింది. వాటా అడిగితే, “పార్టీ ఇంకా సర్దలేదప్పా” అనేవాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. అప్పటి నుంచే నా మనసులో పురుగు తొలుస్తోంది.

టీకొట్టు దగ్గర ఇదంతా తలుచుకుంటూ ఉండగా షెడ్ల దలాలు వచ్చి నా పక్క బల్ల మీద కూర్చున్నాడు. వెనకటికి పశువుల సంతలో బేరాలు కుదిర్చేవాడు. ఇప్పుడు ఈ రోడ్డు మీద షెడ్లు చూపించేదీ, అద్దెలు మాట్లాడేదీ అతనే. తమ్ముడి అక్కగా నన్ను ఎరుగును.

“ఆ బస్తాల్లో ఏటున్నాదండి?” అన్నాను.

“సరుకమ్మా.”

“ఏ సరుకు? నా బట్టీలో కాలాల్సిన సరుకేనా?”

ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత పెద్దగా నవ్వేశాడు. దొరికిపోయినా నవ్వగలిగినవాడే దలాలు.

“మీకు తెలిసిపోనాదన్నమాట. ఎవరికీ సెప్పకండమ్మా. పెళ్లికి గంగాళాలు అద్దెకిస్తారు సూడండి, నాను బస్తాలిస్తన్నాను. అంతే.”

మా వైపు వ్యాపారస్తులకి పాత పట్టింపు ఒకటి ఉంది. ఒట్టి గోదాముకి తాళం వెయ్యకూడదు. సరుకంతా అమ్ముడైపోయినా ఒక బస్తా చింతపండో, ఒక బస్తా ఉప్పో లోపల ఉంచి తాళం వేస్తారు. ఒట్టి కుండ ఎదురు రావడం ఎంత అపశకునమో, ఒట్టి గోదాము మూసిపెట్టడం అంత. నా చిన్నప్పుడు పెద్దబజారులో ఆ ఒక్క బస్తాకీ బొట్టుపెట్టి దండం పెట్టేవారు. కొత్తగా షెడ్లు కట్టినవాళ్లు కూడా ఆ పట్టింపు వదల్లేదు. కాకపోతే ఒక బస్తా కాస్తా ఒక వరసైంది, వరస కాస్తా కప్పు ముట్టే గోడైంది. చింతపండుకి ఖరీదవుతుంది కాబట్టి ఊకతో సరిపెట్టారు.

“ఒట్టి షెడ్డు సూపిస్తే పార్టీ చులకన సేస్తాడమ్మా” అన్నాడు దలాలు. “నిండిన షెడ్డు సూస్తే ఎంతైనా పరవాలేదంటాడు.”

“నిండిపోతే మరాడి సరుకెక్కడ పెట్టుకుంటాడు?”

“మొదటి మాటకి లేదంటాం. రెండోసారి అడుగుతాడు. అప్పుడు, ఒక పార్టీ ఖాళీ సేసేలాగున్నాడు, సూస్తాం అంటాం. మూడోసారి అడిగితే తాళం తీస్తాం. మనోళ్ల పద్ధతి అదే కదేటి? బోయనానికి కూకోమంటే మొదటి పిలుపుకే ఎవరు కూకుంటారు?”

అది మాత్రం నిజం. మా వైపు మొదటి పిలుపుకే విస్తరి ముందు కూర్చున్నవాడిని కరువు ప్రాంతం నుంచి వచ్చాడా అంటారు. పెళ్లిసంబంధం దగ్గర నుంచి కుంకుడుకాయల బేరం దాకా మొదటి మాట “లేదు” అనే ఉండాలి. అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు.

“ఇంతకీ ఎన్ని షెడ్లకి ఇచ్చినారు బస్తాలు?”

“అది సెప్పకూడదమ్మా. యాపారం.”

చెప్పక్కర్లేదు. వరసగా ఉన్న షెడ్లని ఒకసారి చూసుకుంటూ వెళ్లాను, ప్రతి కుట్టూ ఒకే దబ్బనం కుట్టు. అప్పుడు నాకు మొత్తం బోధపడింది, ఒళ్లు మండింది. తన బస్తాల్లో ఊక ఉందని ప్రతివాడికీ తెలుసు. పక్కవాడి బస్తాల్లో మాత్రం సరుకే ఉందనుకుంటున్నాడు. తన ఖర్మ కాలి తన షెడ్డుకి ఇంకా పార్టీ రాలేదు గానీ మిగతా రోడ్డంతా నిండిపోయిందనుకుంటున్నాడు. అది చూసి ఇంకొకడు మడి పూడ్చి షెడ్డు కడుతున్నాడు, కట్టి వాడూ ఊక కొంటున్నాడు. గిరాకీ అంటూ నిజంగా ఉన్నది దేనికయ్యా అంటే ఊకకి. తిలాపాపం తలా పిడికెడు.

“అయితే మా తమ్ముడి షెడ్డులోనూ ఊకే” అన్నాను.

దలాలు గొంతు తగ్గించాడు. “ముందు వరస నానే ఇచ్చినానమ్మా. దాని ఎనకాల ఏటున్నాదో నాకు తెల్దు. నన్ను లోపలకి రానివ్వడు. మొదట్లో వచ్చీవోణ్ని. ఇప్పుడు సుట్టుపక్కలకి ఎల్లినా ఉలిక్కిపడతాడు.”

ఆ మాటతో నాలో చల్లారుతున్నది మళ్లీ రాజుకుంది. ఊక ఉన్న షెడ్డుకి దాపరికమెందుకు? వెనకాల నిజమైన సరుకుందన్నమాట. దలాలీ ఎగ్గొట్టడానికి అతనికి తెలియకుండా, వాటా ఎగ్గొట్టడానికి నాకు తెలియకుండా ఎవరికో అద్దెకిచ్చేశాడన్నమాట. రోడ్డంతటిలోకీ మా తమ్ముడొక్కడే తెలివైనవాడన్నమాట. ఆ కోపంలో కూడా నాకు కొంచెం గర్వంగా అనిపించిందని దాచను.

అటునుంచి అటే బరంపురంలో వాడింటికి వెళ్లాను. తలుపు కొడితే నేనెప్పుడూ చూడని ఒడియా ఆవిడ తీసింది. లోపల వేరే మంచం, వేరే కర్టెన్లు. ఎవరు కావాలంది. నేను ఇంటివాళ్ల పేరు చెబితే, వాళ్లు ఇల్లు తమకి అద్దెకిచ్చి వెళ్లిపోయి చాలా నెలలైందని చెప్పింది. ఎక్కడికి వెళ్లారో తెలియదట. అద్దె మాత్రం ప్రతినెలా వచ్చి పట్టుకుపోతాడట.

మెట్టు మీదే కూలబడి మరదలికి ఫోన్ చేశాను.

“ఎక్కడున్నావమ్మా?”

“ఇంట్లోనే ఉన్నానొదినా. ఒంట సేస్తన్నాను.”

నేను కూర్చున్న మెట్టు వాళ్ల ఇంటిదే. పక్కన ఎవరివో చెప్పులు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. దొంగని పట్టుకోవాలనుకునేవాడు ముందు కేక వెయ్యకూడదు.

“ఏటి కూర?” అన్నాను.

“బెండకాయొదినా” అంది. గొంతులో ఏ తేడా లేదు. పెళ్లై వచ్చినప్పటి నుంచి నా ముందు అబద్ధమాడని పిల్ల, అంత నున్నగా ఎప్పుడు నేర్చుకుందో అనుకున్నాను.

ఆ రాత్రి మా ఆయనతో అంతా చెప్పాను. ఇల్లు అద్దెకిచ్చారంటే ఇంతకంటే మంచి ఇంట్లోకి మారారు. భువనేశ్వర్‌లో ఫ్లాటు కొనే ఉంటారు. నా వాటాతోనే ఆ ఫ్లాటుకి టైల్స్ వేయించి ఉంటారు. ఆయన అన్నం కలుపుకుంటూ, “అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు” అన్నారు. “ఆయనకి లోకం తెలీదు” అని నేను గోడతో చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం బట్టీ పని పనివాళ్లకి వదిలేసి షెడ్డుకి వెళ్లాను. ముందు షట్టరు మూసి తాళం వేసి ఉంది. ఎవరూ లేరని చెప్పేందుకే ఆ తాళం అంత పెద్దదిగా ఉందనిపించింది. స్కూటీ దూరంగా ఆపి, షెడ్డు చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాను. అక్కడ పంపు కింద నేల తడిగా ఉంది. తోమిన గిన్నె ఒకటి బోర్లించి ఉంది. చిన్న రేకు తలుపు పక్కన ఒక జత ఆడవాళ్ల చెప్పులున్నాయి, ఎడమదానికి పిన్నీసు పెట్టి ఉంది. ఆ చెప్పులు నాకు తెలుసు. పోయిన దసరాకి నేను కొనిచ్చినవే.

ఫ్లాటు కొన్నవాళ్లు పిన్నీసు పెట్టిన చెప్పులేసుకుంటారా అన్న ఆలోచన అప్పుడు కూడా నాకు రాలేదు. సరుకు లెక్కపెట్టడానికి మరదలిని ఇక్కడ కూర్చోబెట్టాడనుకున్నాను. తలుపు తోసేశాను.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి కొంచెంసేపు పట్టింది. ముందువైపు బస్తాల గోడ ఉంది. వెనక నుంచి చూస్తే అది ఒకటే వరస. పడిపోకుండా వెదురు బొంగులు ఆనించారు. దాని ఇవతల సినిమా హాలంత చోటూ ఖాళీ. ఆ ఖాళీలో ఒక మూల మడతమంచం, పక్కన చాప, ఇనప్పెట్టె మీద ముగ్గురు దేవుళ్ల పటాలు, తాడు మీద తమ్ముడి లుంగీ. కింద గ్యాసు పొయ్యి. పొయ్యి ముందు మరదలు పీట మీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది.

నన్ను చూసి లేచి నిలబడింది. మొట్టమొదట చేసిన పని, నోటి మీద వేలు పెట్టుకోవడం.

“గట్టిగా మాటాడకొదినా. రేకులు కదా, రోడ్డు మీదకి ఇనిపిస్తాది.”

నేను దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు చాలానే ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు. చాప మీద కూర్చుండిపోయాను. ఆమె మంచినీళ్లిచ్చి, బెండకాయలు తరుగుతూనే గుసగుసగా చెప్పింది. షెడ్డు లేచాక ఒక్క పార్టీ కూడా రాలేదు. బ్యాంకువాళ్లు వాయిదా ఆపితే ఇల్లు పోతుందన్నారు. ఇల్లు అద్దెకిస్తే ఆ అద్దె వాయిదాకి సరిపోతోంది. మరి తాముండటానికి ఇంకొక ఇల్లు అద్దెకి తీసుకుంటే ఇచ్చింది ఇచ్చినట్టే పోతుంది. ఈ షెడ్డు ఊరికే ఉంది కదా అని ఇందులోకి వచ్చేశారు. ఎండాకాలమంతా రేకుల కింద ఉడికిపోయారు. నలుగురూ చూస్తారని చీకటి పడ్డాకే బయటికి వెళ్తారు.

“పిల్లకి తెలుసా?”

“తెల్దు. అల్లుడికి తెలిస్తే ఏటనుకుంటారొదినా? పండక్కొస్తానంటే మాకు జొరమని సెప్పినాం.” గరిటె అందుకుంది. “పోపు పెట్టడం కూడా మానేసినాను. గోదాంలోంచి ఇంగువ వాసనొస్తే ఎవరికైనా తెలిసిపోద్ది కదా. మీ తమ్ముడు సప్పగా ఉన్నాదనరు. తినేస్తారు.”

ఇంత విన్నాక కూడా, ఆమె అటు తిరిగినప్పుడు నేను మెడ చాచి ఆ చివరి మూలలో సరుకేదైనా ఉందేమోనని చూశాను. అక్కడ ఏమీ లేదు. నా బుద్ధి అంతే, దానికి నేనేమీ చెయ్యలేను.

తమ్ముడు బిందెతో లోపలికి వచ్చి నన్ను చూసి ఆగిపోయాడు. చిక్కిపోయాడు. మెడ దగ్గర ఊక దురదకి గోకిన చారలున్నాయి.

“ఎవరు సెప్పినారు నీకు?” అన్నాడు.

“నువ్వు సెప్పకూడదేటిరా? తోడబుట్టినదాన్ని.”

“సెప్తే ఏటంటావు? నాను ముందే సెప్పినానా లేదా అంటావు.”

అనే ఉండేదాన్ని. అందుకే ఊరుకున్నాను. కోపం మాత్రం తగ్గలేదు. వాడి మీదో, దలాలు మీదో, కళ్లతో చూసి నమ్మేలా పేర్చిన ఆ బస్తాల మీదో తెలియదు.

అప్పుడే ముందువైపు కారు ఆగిన చప్పుడైంది. ఎవరో షట్టరు మీద కొట్టారు.

తమ్ముడి మొహం మారిపోయింది. వెనక తలుపులోంచి బయటికి పరిగెత్తి, చుట్టూ తిరిగి ముందుకు వెళ్లాడు. తాళం తీసి షట్టరు సగం ఎత్తిన చప్పుడు వినిపించింది. మేమిద్దరం బస్తాల సందుకి కళ్లు ఆనించి నిలబడ్డాం. మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

“నమస్కారమండీ. మేము విశాఖపట్నం నుంచి వచ్చాం. మా కంపెనీకి పార్సిళ్లు పెట్టుకోవడానికి గోదాము కావాలి. ఈ రోడ్డు మీద అన్ని చోట్లా అడిగాను, అందరూ నిండిపోయిందన్నారు. ఇదే ఆఖరుది. ఖాళీ ఏమైనా ఉందాండీ?”

చదువుకున్న తెలుగు. తొందరలో ఉన్న మనిషి. నేను చప్పున మరదలి చెయ్యి పట్టుకున్నాను. వచ్చాడు. ఏడాదికి పైగా వీళ్లు ఎదురుచూసిన మనిషి ఇన్నాళ్లకి వచ్చి, ఉందా అని నోరు తెరిచి అడుగుతున్నాడు.

“లేదండి. నిండిపోనాది. సూస్తన్నారు కదా” అన్నాడు మా తమ్ముడు, తొణక్కుండా.

“అయ్యో. సరేనండీ, థాంక్సండీ. అయితే మేము ఇచ్చాపురం అవతల చూసుకుంటాం.”

బూట్ల చప్పుడు వెనక్కి మళ్లింది.

తమ్ముడు కదల్లేదు. రెండోసారి అడగడం కోసం ఎదురుచూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఆ నగరపు మనిషికి ఈ మర్యాద ఎవరు నేర్పారు? లేదంటే లేదనే అతనికి అర్థం. కారు తలుపు పడింది. “పిలవరా, ఎర్రి నాయనా, పిలవరా” అని బస్తాల వెనక నుంచి నేను అంటున్నాను గానీ అదీ గుసగుసగానే. వాడి కాళ్లు మాత్రం షట్టరు కింద, సంధ్య వార్చేవాడిలా నిలబడిపోయి కనిపిస్తున్నాయి.

“ఏటొదినా, ఎల్లిపోతన్నాడేటి?” అంది మరదలు. ఆమె గుసగుస మానేసింది.

“ఎల్లిపోతన్నాడమ్మా.”

ఆమె వెనక తలుపు వైపు తిరగలేదు. చుట్టూ తిరిగితే కారు అందదనుకుందేమో, వెదురు బొంగుని ఒక్క లాగు లాగి పక్కన పడేసింది. రెండు చేతులతో బస్తాల గోడని తోసింది. ఊక కదా, మొత్తం వరస అటు వాలిపోయి దబదబా రోడ్డు వైపు పడింది. కుట్లు తెగి లేచిన దుమ్ములోంచి, గరిటె చేతిలో ఉండగానే, వట్టికాళ్లతో బస్తాలు తొక్కుకుంటూ బయటికి పరిగెత్తింది.

“బాబూ! ఖాళీయే బాబూ! ఒట్టిదే! ఖాళీయే!”

ఇన్ని నెలలూ పోపు వాసన కూడా బయటికి పోనివ్వని మనిషి, ఆ రోడ్డు చివరిదాకా వినబడేలా అరిచింది. పక్క షెడ్లలోంచి యజమానులు, కాపలావాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

కారు కొంత దూరం పోయి ఆగింది. ఆ అబ్బాయి దిగి నడిచి వచ్చాడు. మా మేనకోడలి వయసే ఉంటుంది. పగిలిన బస్తాల్లోంచి కారుతున్న ఊకని చూశాడు. తర్వాత లోపలికి చూశాడు. మంచం, తాడు మీద లుంగీ, దేవుళ్ల పటాలు, వెలుగుతున్న పొయ్యి అన్నీ ఇప్పుడు రోడ్డు మీదకే కనిపిస్తున్నాయి.

“ఇందులో ఎవరుంటున్నారమ్మా?” అన్నాడు.

“మేమే బాబూ” అంది మరదలు. తలమీదా, కనురెప్పల మీదా ఊక పొట్టు. తల మాత్రం దించుకోలేదు.

అతను లోపలికి వచ్చాడు. గోడల వెంట నడిచి కప్పు చూశాడు, నేల మీద బూటుతో తట్టి చూశాడు. తిరిగి వచ్చి, “చోటు బాగుంది. మాకు రేపు పొద్దున్నకల్లా కావాలి. మీరెప్పటికి ఖాళీ చెయ్యగలరు?” అన్నాడు.

తమ్ముడు నోరు తెరిచాడు. మరదలు వాడి మొహంలోకి చూసింది. వాళ్ల ఇంట్లో వేరేవాళ్లున్నారు. ఇక్కడ నుంచి లేస్తే పోవడానికి ఇంకొక కప్పు లేదు.

“అదేటంటే బాబూ, కొంచెం సూసి...” అని మొదలుపెట్టాడు.

“ఈ సాయంత్రానికే” అన్నాను నేను, వాడి మాటకి అడ్డుపడి. “సామాన్లు మా ఇంటికొచ్చేస్తాయి. మనుసులూ వచ్చేస్తారు.”

అంతవరకు కన్ను చెమర్చని మా మరదలు, నడిరోడ్డు మీద ఆ ఊకలో కూలబడి గట్టిగా ఏడ్చింది.